గంటలో నీరు ఎంత పెరిగింది?

నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి మనవైపు దిగుతాయి. అక్కడ కుంభవృష్టి కురిస్తే ఇక్కడ ఎండ కాస్తున్నా వరద రావచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక వంశధార ఎలా పొంగిందో హిరమండలం వాళ్లనడిగితే చెబుతారు. అలాంటప్పుడు గొట్టా బ్యారేజీ దగ్గర నీటిమట్టం ఎంతుందో తెలిస్తే చాలదు. గంటలో ఎంత పెరిగిందో తెలియాలి.

డేటా ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో తరచూ అడిగేదీ ఇదే: వరుసగా ఉన్న రెండు రికార్డుల మధ్య తేడా కనుక్కోండి. ఎచ్చెర్ల, రాజాం, విజయనగరంలో ఇంజినీరింగ్, డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు ఈ ఒక్క సమస్యను లోతుగా నేర్చుకోవాలని నా గట్టి సలహా.

చాలామంది టేబుల్‌ను దానితోనే జాయిన్ చేసి, ప్రతి వరుసకూ అంతకుముందు సమయాన్ని సబ్‌క్వెరీతో వెతుకుతారు. జవాబు సరైనదే. ల్యాబ్‌లో పది వరుసల మీద చిటికెలో వస్తుంది కూడా. కానీ నీటిమట్టం కొలిచే ఒక కేంద్రం గంటకోసారి చొప్పున పదేళ్లు కొలిస్తే 87,600 వరుసలు. ఇండెక్స్ లేకపోతే ప్రతి వరుసకూ టేబుల్ మొత్తం వెతకాలి, అంటే దాదాపు 767 కోట్ల పోలికలు! ఇంకొందరు ముందు వరుస కోసం ఐడీలోంచి ఒకటి తీసేస్తారు. ఒక్క వరుస డిలీట్ అయినా, రెండు కేంద్రాల కొలతలు కలగలిసినా ఆ లెక్క తప్పుతుంది.

దీనికి మందు ఎస్‌క్యూఎల్‌లోని ల్యాగ్ ఫంక్షన్. పార్టిషన్ బై కేంద్రం, ఆర్డర్ బై సమయం అని రాస్తే డేటాబేస్ ఒక్కసారి క్రమంలో పెట్టుకుని, ముందు వరుసను గుర్తుంచుకుంటూ సాగిపోతుంది. కేంద్రం, సమయం ఇదే క్రమంలో ఇండెక్స్ ఉంటే ఆ సార్టింగ్ అవసరం కూడా తప్పవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో ల్యాగ్ 2009 నుంచి ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో 2018లో 8.0తో వచ్చింది. పాత వెర్షన్ వాడే ఆఫీసులో చేరితే సబ్‌క్వెరీయే గతి, అక్కడా ఆ ఇండెక్సే ఆదుకుంటుంది.

అసలు తడబాటు వడపోతలో. ఈ వారం వరుసలే కావాలని వేర్ పెడితే, ల్యాగ్ ఆ తర్వాతే పనిచేస్తుంది కనుక వారంలో మొదటి కొలతకు ముందుది దొరకదు. అరమీటరు దాటి పెరిగిన గంటలే కావాలంటే ల్యాగ్‌ను నేరుగా వేర్‌లో రాయనివ్వదు. దాన్ని లోపలి క్వెరీలో ఉంచి బయట వడకట్టాలి. తుఫాను రాత్రి మూడు కొలతలు రాలేదనుకోండి, అప్పుడు వచ్చే తేడా నాలుగు గంటలది. సమయానికీ ల్యాగ్ వేసి, తేడాను గంటలతో భాగించాలి. ఇది గమనించిన అభ్యర్థిని ఇంటర్వ్యూ చేసేవాళ్లు గుర్తుపెట్టుకుంటారు.

పోస్ట్‌గ్రెస్ ఉచితం. జనరేట్ సిరీస్‌తో 87,600 వరుసలు తయారుచేసి, రెండు పద్ధతులనూ ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌తో నడపండి. మీరు కొలిచిన సమయాలే రెజ్యూమెలో రాయండి. ఇండెక్స్ తీసేస్తే ఏమవుతుందని తప్పక అడుగుతారు, అదీ ముందే తీసి చూసుకోండి.