కాకరకాయకూ రిలక్టెంట్‌కూ పొసగదు

హైదరాబాదు

చి॥ బుజ్జికి,



నువ్వు వాట్సాప్‌లో పంపిన నోటుబుక్కు పేజీలు చూశాను. మధ్యలో గీత, ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు అర్థం, రోజుకు ఇరవై. బ్యాంకు పరీక్షకు ఇంకా ఏడాది ఉంది కాబట్టి ఈ లెక్కన ఏడువేల మాటలు వచ్చేస్తాయని రాశావు. నీ పట్టుదల చూసి ముచ్చటేసింది గానీ, ఆ లెక్క మీద నాకు నమ్మకం కుదరడం లేదు.

ఎందుకంటే చివరి పేజీలో నువ్వు సొంతంగా రాసిన వాక్యాలు కూడా చదివాను. రిలక్టెంట్ అంటే అయిష్టం అని రాసుకుని, ఆ అర్థం పట్టుకుని ‘ఐ యామ్ రిలక్టెంట్ టు బిట్టర్ గార్డ్’ అన్నావు. మీ పెద్దమ్మా నేనూ కాసేపు నవ్వుకున్నాం. చిన్నబుచ్చుకోకు, ఆ ఒక్క అర్థమే చేతిలో ఉంటే ఎవరైనా ఆ వాక్యమే రాస్తారు. కాకరకాయ గిట్టకపోవడం వేరు, చేయాల్సిన పనికి మనసు వెనకాడడం వేరు. రిలక్టెంట్ ఈ రెండోది. అందుకే దాని తర్వాత టు, ఆ తర్వాత ఒక క్రియ వస్తాయి. మీ నానమ్మను ఇక్కడికి వచ్చెయ్యమని ఏటా బతిమాలుతున్నాం. గేదెనూ ఇంటినీ వదిలి ఎలా వస్తానంటుంది. ‘మై గ్రాండ్‌మదర్ ఈజ్ రిలక్టెంట్ టు లీవ్ ద విలేజ్.’ ఇది రాసుకో. ఇక ఆ మాట జన్మలో మర్చిపోవు. (నా ఫోనుకు తెలుగు కీబోర్డు ఒక్కటే అలవాటు, అందుకే అన్నీ మన లిపిలో కొడుతున్నాను. నువ్వు మాత్రం పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి. స్పెల్లింగు కూడా అక్కడే రావాలి కదా.)

పత్రికలో పనిచేసినన్నాళ్లూ రాత్రి డ్యూటీలో నా పని వార్తా ఏజెన్సీలు ఇంగ్లీషులో పంపే కాపీని తెలుగు చేయడం. కొత్తగా డెస్కులో చేరిన కుర్రాళ్లలో డిక్షనరీ నమిలేసినవాళ్లు ఉండేవారు. పెద్ద మాట ఎదురైతే వాళ్లకు బెంగ లేదు, తెలియకపోతే వెతుక్కుంటారు. బోల్తా పడేదంతా తెలుసుననుకున్న చిన్న మాటల దగ్గరే. యూనియన్ వాళ్లు సమ్మెను ‘కాల్డ్ ఆఫ్’ అని వస్తే, సమ్మెకు పిలుపునిచ్చారని రాసి అచ్చుకు పంపబోయేవారు. సమ్మె విరమిస్తే సమ్మె మొదలైందని వేస్తే తెల్లారి ఎడిటరు గదిలో ఏం జరుగుతుందో నువ్వే ఊహించుకో. కాల్ అంటే వాళ్లకు తెలుసు, ఆఫ్ అంటే తెలుసు. రెండూ కలిసి కాపురం చేస్తే ఏమవుతుందో తెలియదు.

మన ‘పెంచు’ సంగతే చూడు. కోళ్లను పెంచుతాం, గులాబీలు పెంచుతాం, గడ్డం పెంచుతాం, పిల్లల్ని పెంచుతాం, కుక్కను పెంచుకుంటాం, జీతం పెంచమంటాం. మనకు ఒక్క మాటతో గడిచిపోయింది. ఇంగ్లీషులో కోళ్లకు రెయిజ్, గులాబీకీ గడ్డానికీ గ్రో, పిల్లలకు బ్రింగ్ అప్, కుక్కకు కీప్, జీతానికి రెయిజ్ లేదా ఇంక్రీజ్. నీ పుస్తకంలో రెయిజ్‌కు ఎదురుగా ‘పెంచు’ అని ఊరుకున్నావు. రేపు నీ చేతిలో గడ్డం రెయిజ్ అవుతుంది, జీతం గ్రో అవుతుంది. పరీక్షలో క్లోజ్ టెస్ట్ అని ఖాళీలు పూరించమంటారే, అక్కడ పట్టుకునేది ఇదే. చాలాసార్లు ఆప్షన్లన్నిటికీ తెలుగు అర్థం ఇంచుమించు ఒకటే ఉంటుంది. పక్కమాటతో ఏది పొసగుతుందో తెలిసినవాళ్లకే మార్కు.

ఈ గొడవ మన ఒక్కరిదే కాదు. ఎ.ఎస్. హార్న్‌బీ అనే ఇంగ్లీషు మాస్టారు 1924లో జపాన్ వెళ్లి పాఠాలు చెప్పాడు. అర్థం తెలిసినంత మాత్రాన పిల్లలకు వాక్యం రాదని గ్రహించి, ఏ క్రియ వెనక ఏ రకం కూర్పు వస్తుందో చూపిస్తూ, వాక్యాలతో డిక్షనరీ కట్టాడు. అది 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేసుకున్నారు. ఈనాటి ఆక్స్‌ఫర్డ్ లర్నర్స్ డిక్షనరీకి మూలం అదే. ఈనాటిది నీ ఫోన్లో ఉచితంగా చూసుకోవచ్చు. ఇంకొకాయన మైకేల్ వెస్ట్, ఢాకాలో టీచర్లకు శిక్షణ ఇచ్చినవాడు. 1935లో ఆయన వేసిన డిక్షనరీలో వివరణలన్నీ 1,490 మాటలతోనే నడిపాడు. 1953లో సుమారు 2,000 మాటల జాబితా వేసి, ఒక్కో మాటకున్న అర్థాల్లో ఏది ఎంత తరచుగా వాడతారో కూడా లెక్క చూపాడు. నీ ఏడువేలలో లక్వేషస్, పర్‌స్పికేషస్ లాంటివి ఎన్ని ఉన్నాయో ఒకసారి చూసుకో. నా ఉద్యోగంలో అవి నాకెన్నడూ తగల్లేదు.

అంతదాకా ఎందుకు, 1817లో మద్రాసులో దిగి తెలుగు నేర్చుకున్న సి.పి. బ్రౌన్ ఉన్నాడు కదా. 1852లో వచ్చిన ఆయన నిఘంటువులో ‘పడు’ దగ్గర ఆగి చూడు. ఫాల్ అని ఒక్క ముక్క చెప్పి వదల్లేదు, ఆ మాట ఎన్ని చోట్ల ఎలా తిరుగుతుందో ఏరి పెట్టాడు.

అందుకని ఆ మధ్య గీత మానెయ్. రోజుకు అయిదు మాటలు చాలు, ఒక్కోదానికి పావు పేజీ ఇవ్వు. పైన మాట, పక్కన తెలుగు అర్థం. తెలుగు అర్థం రాయకూడదు, ఇంగ్లీషులోనే ఆలోచించాలి అనే మాస్టార్లున్నారు. నాకది వట్టి పట్టింపులా తోస్తుంది. బ్రింజాల్ అంటే వంకాయ అని ఒక్క ముక్కలో తేలిపోయేదానికి మూడు లైన్ల వివరణ ఎందుకు? తెలుగు రాసుకో, అక్కడితో ఆగకు. ఆ మాట నీకు ఏ వాక్యంలో కనబడిందో దాన్ని ఉన్నదున్నట్టు కింద ఎక్కించు. తర్వాత డిక్షనరీలోంచి ఇంకో వాక్యం. చివర నీ సొంత వాక్యం, అదీ నిజమైనది. ‘రామా ఈజ్ ఏ గుడ్ బాయ్’ బాపతు వద్దు. ఆ రాముడెవడో నీకు తెలియదు, వాడు మంచివాడైతే నీకేం ఒరిగింది? మీ హాస్టలు మెస్సులో సాంబారు, మీ తమ్ముడి బండి పిచ్చి, ఇవి రాయి. మర్నాడు మాట మీద వేలు పెట్టి మూసి, వాక్యం చదివి అదేదో చెప్పు. వారం పోయాక మళ్లీ చూడు. గుర్తురాకపోతే ఇంకో వాక్యం రాయి.

వాక్యాలు ఎక్కడ దొరుకుతాయంటే, పొద్దున్న తెలుగు పేపర్లో చదివిన వార్తనే ఇంగ్లీషు పేపర్లో పట్టుకో. కృష్ణకు వరదొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తారనుకో. సంగతి నీకు ముందే తెలుసు కాబట్టి మాటలు బెదిరించవు. హెచ్చరిక జారీ చేశారన్న చోట వార్నింగ్ పక్కన ఇష్యూ ఉంటుంది. నీటిమట్టం తనంతట తాను పెరిగితే రైజ్, గేటును సిబ్బంది పైకెత్తితే రెయిజ్. ఇది ఏ పట్టికలో బట్టీపట్టినా మళ్లీ కలగలిసిపోతుంది. వరద వార్తలో చూస్తే నిలబడుతుంది.

ఇంకొక్క మాట. మన నోళ్లలో తిరిగే ఇంగ్లీషును నమ్ముకోకు. ‘వాడు బాగా ఫీలయ్యాడు’ అంటే మనకు నొచ్చుకున్నాడని. ‘హీ ఫెల్ట్’ అని అక్కడ ఆపితే ఇంగ్లీషు తెలిసినవాడు, ఏమని ఫెల్ట్, చెప్పు చెప్పు అని నీ మొహం వంకే చూస్తాడు.

వచ్చే ఆదివారానికి టర్న్ డౌన్‌తో రెండు వాక్యాలు రాసి పంపు. ఒకదాంట్లో టీవీ సౌండు ఉండాలి, రెండోదాంట్లో పెళ్లి సంబంధం. రెండోది మాత్రం మీ నాన్న కంట పడనీకు.

మీ అమ్మనూ నాన్ననూ అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న