అద్దమున్న కెమెరా, అద్దం లేని కెమెరా

గోండుల దండారి పండుగ దగ్గరికొస్తే చాలు, జైనూర్‌లో మా స్టూడియో మెట్లెక్కే పిల్లలందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, డీఎస్ఎల్ఆర్ అమ్మేసి మిర్రర్‌లెస్ తీసుకోవాల్నా?" పెళ్లిళ్ల ఎక్స్‌పోజింగ్‌కు పోయేవాళ్లు, యూట్యూబ్ కోసం దండారిలో ఆడే గుస్సాడీ ఆట తీసేవాళ్లు, ఉట్నూర్ నుంచి ఒకరు, సిర్పూర్ (యు) నుంచి ఒకరు. నా దగ్గర రెండూ ఉన్నాయి: 2014లో వచ్చిన నికాన్ డీ750, 2020లో వచ్చిన నికాన్ జెడ్6 టూ. చెరో భుజానికి ఒకటి తగిలించుకుని ఒకే పెళ్లిలో, ఒకే జాతరలో తిరిగినవాణ్ని కనుక నాలుగు మాటలు చెప్తాను. నీది కెనాన్ అయినా, సోనీ అయినా చాలా సంగతులు ఇట్లాగే ఉంటాయి.

1. మెగాపిక్సెళ్ల దగ్గర మొదలుపెట్టకు

డీ750ది 24.3, జెడ్6 టూది 24.5. ఆరేళ్లకు పెరిగింది అంతే. కరిష్మా ఆల్బమ్‌లో రెండింటి ఫోటోలూ పక్కపక్కన పెట్టి ఏది దేనిదో చెప్పమంటే పెళ్లికొడుకే కాదు, ఆల్బమ్ డిజైన్ చేసినవాడూ చెప్పలేడు.

మారింది సెన్సర్ ముందున్న అద్దం. పాత కెమెరాలో లెన్స్ గుండా వచ్చిన వెలుగు అద్దానికి తగిలి పైకి మళ్లి నీ కంటికి చేరుతుంది. బటన్ నొక్కితే అద్దం లేస్తుంది, షట్టర్ తెరుచుకుంటుంది, ఆ రెప్పపాటు నీకు ఏమీ కనబడదు. కొత్తదాంట్లో అద్దమే లేదు. సెన్సర్ ఎప్పుడూ మెలకువగా ఉండి, తనకు కనబడేదాన్ని వ్యూఫైండర్‌లోని చిన్న తెర మీద చూపిస్తుంది. లాభమైనా నష్టమైనా చాలా మటుకు ఈ ఒక్క మార్పులోంచే పుట్టింది.

2. మా దిక్కు పెద్ద లాభం చప్పుడు లేకపోవడం

హైదరాబాద్ కుర్రాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోరు. కల్యాణ మండపంలో మైకు మోగుతుంటే అద్దం టపటప ఎవరికి వినబడుతుంది? ఇక్కడి పని వేరు. పుష్య అమావాస్య రాత్రి కేస్లాపూర్‌లో గోండుల్లోని మెస్రం వంశీయులు తమ దేవుడు నాగోబాకు మహాపూజ చేస్తారు. ఆ పూజకు కావాల్సిన నీళ్ల కోసం వాళ్లు గోదావరి దాకా కాలినడకన పోయి వస్తారు. అంత నిష్ఠతో తెచ్చిన నీళ్లతో పూజ నడుస్తుంటే పక్కనుంచి అద్దం టక్కుమని కొట్టుకుంటే, పెద్దలు నోరు తెరిచి ఒక్క మాట అనకపోయినా తలలు తిప్పి చూస్తారు. ఆ చూపు పడ్డాక ఫోటో తీయబుద్ధి కాదు. ఊళ్లలో పేన్ (దేవుడు) దగ్గర జరిగే చిన్న పూజల్లోనూ అంతే. జెడ్6 టూలో సైలెంట్ ఫోటోగ్రఫీ పెట్టుకుంటే పక్కన కూర్చున్నవాడికి కూడా తెలియదు.

తెలియదు కదా అని అడగకుండా తీయకు. గుడి లోపలికి కెమెరా రావచ్చా లేదా అన్నది ఊరి పటేల్, పూజారి కటోడా చెప్పే మాట. నీ కెమెరాకు చప్పుడు లేకపోతే నువ్వు ఇంకా ముందుగా, ఇంకా గట్టిగా అడగాలి.

దీనికో మెలిక ఉంది. చప్పుడు లేని షట్టర్ సెన్సర్‌ను పైనుంచి కిందికి వరుసవరుసగా చదువుతుంది. బరాత్‌లో డీజే ఎల్ఈడీ లైట్ల కింద తీస్తే ఫోటో నిండా అడ్డపట్టీలు పడతాయి. డప్పు మీద పడే పుల్ల విల్లులా వంగి కనబడుతుంది. బరాత్ మొదలైందంటే సైలెంట్ తీసేసి మామూలు షట్టర్‌కు రా. ఆ డీజే ముందు నీ కెమెరా చప్పుడు ఎవడు వింటాడు!

3. తెల్లచీరలు

నాగోబా దగ్గర మెస్రం ఇంటి కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ చూశావు కదా. తెల్లచీరలు, తల మీది కొంగులు, ఆ కొంగుల నీడలో ముఖాలు. కెమెరా మీటర్‌కు తెలుపు ఎక్కువ కనబడితే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది. చీర బూడిదరంగుకు దిగుతుంది, ముఖం చీకట్లోకి పోతుంది. డీ750తో ఇది తీయాలంటే ముక్కాలు స్టాపో, ఒక స్టాపో ముందే పెంచుకోవాలని తెలిసి ఉండాలి. తీశాక వెనక తెరలో చూసుకోవాలి. ఎర్రటెండలో ఆ తెర ఏం కనబడుతుంది?

కొత్తదాంట్లో తీయబోయే ఫోటో ఎంత వెలుగుతో వస్తుందో వ్యూఫైండర్‌లోనే కనబడుతుంది. కంటిని తీయకుండా డయల్ తిప్పుతావు, ముఖం తేటపడుతుంది, చీర తెల్లగానే ఉంటుంది. నేర్చుకునేవాడికి ఇంతకు మించిన గురువు లేడు. అయినా తెర అందంగా ఉందని దాన్నే నమ్ముకోకు, హిస్టోగ్రాం పెట్టుకో. చీకట్లో ఆ తెర కాస్త మెరిపించి చూపిస్తుంది.

4. గుస్సాడీ కన్ను కెమెరాకు దొరకదు

డీ750లో 51 ఫోకస్ చుక్కలు, అన్నీ నడుమ గుంపుగా. జెడ్6 టూలో 273, ఫ్రేములో దాదాపు తొంభై శాతం దాకా పరుచుకుని ఉంటాయి. పైగా మనిషి కన్నును వెతికి పట్టుకుంటుంది. జీలకర్ర-బెల్లం పెట్టేటప్పుడు, తలంబ్రాలప్పుడు ఇది వరమే. పెళ్లికూతురు ఫ్రేములో ఓ మూలన ఉన్నా ఫోకస్ తప్పదు.

గుస్సాడీ దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి తడబడుతుంది. నెత్తిన నెమలీకల కిరీటం, ముఖానికి రంగో మసో, అడ్డంగా వేలాడే పూసలు. కన్నెక్కడుందో యంత్రానికి అంతుపట్టదు, ఒకసారి పూసల మీదికి, ఒకసారి ఈకల మీదికి పోతుంది. అప్పుడు కన్ను పట్టే పని మానిపించి ఒక్క చుక్క పెట్టుకుని ముఖం మీద నువ్వే నిలుపుకో, డీ750తో చేసినట్టే. తుడుం దెబ్బకు ఎగిరేటప్పుడు నడుమ చుక్కతో పాత కెమెరా ఇచ్చే ఫోటోకు ఏం తక్కువ లేదు. అద్దం గుండా కనబడేది అసలు వెలుగు, అందులో ఆలస్యం ఉండదు. నాకు ఆ ఒక్క చోట ఇప్పటికీ పాతదే చేతికి హాయి.

మార్లవాయి కనకరాజు గారికి గుస్సాడీ ఆటకే 2021లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 అక్టోబరులో ఆయన పోయారు. ఆయన ఆడుతున్న ఫోటో నీ దగ్గర పాత కెమెరాలోదో, ఫోన్‌లోదో ఏదున్నా రెండు చోట్ల దాచుకో.

5. చలి, బ్యాటరీ

సిర్పూర్ (యు), గిన్నెధరి పేర్లు చలికాలం పేపర్లలో చూస్తూనే ఉంటావు, ఉష్ణోగ్రత పది లోపుకు పడిపోయే ఊర్లు. చలిలో బ్యాటరీ తొందరగా నీరసిస్తుంది. కంపెనీ లెక్క ప్రకారం డీ750 ఒక్క చార్జింగ్‌కు 1230 ఫోటోలు ఇస్తుంది, జెడ్6 టూ వ్యూఫైండర్‌తో 340. వరుసగా కొడితే రెండూ అంతకంటే ఎక్కువే ఇస్తాయి గానీ, తేడా తేడానే. పాతది కంటికి చూపించడానికి కరెంటు తాగదు, కొత్తది చూసినంతసేపూ తాగుతుంది. ఒక విడి బ్యాటరీని స్వెటర్ లోపలి జేబులో, ఒంటి వేడికి పెట్టుకో. కొత్తది యూఎస్‌బీతో జీపులోనో, పవర్ బ్యాంకుతోనో చార్జింగ్ అవుతుంది. రాత్రంతా జాతరలో ఉండేవాడికి అది పెద్ద ఆసరా.

6. పైసలన్నీ లెన్సుల్లో ఉన్నాయి

ఇక్కడే మనవాళ్లు దెబ్బతింటారు. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచి ఉంది. దాంట్లో లెన్స్ కూర్చునే చోటి నుంచి సెన్సర్‌కు 46.5 మిల్లీమీటర్లు, జెడ్ మౌంట్‌లో 16. పాత లెన్స్ కొత్త బాడీకి పెట్టాలంటే నడుమ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ కావాలి. లోపల మోటారున్న ఏఎఫ్-ఎస్ లెన్సులు దాంతో బాగానే పనిచేస్తాయి. మన స్టూడియోల్లో ఎక్కువగా తిరిగేవి పాత 'డీ' లెన్సులు: 50 ఎంఎం, 85 ఎంఎం, 80-200. వాటిని తిప్పే మోటారు డీ750 బాడీలో ఉంది. అడాప్టర్‌లో లేదు, జెడ్ బాడీలోనూ లేదు. లెన్స్ ఎక్కుతుంది, ఆటోఫోకస్ రాదు. కోఠి గుజరాతీ గల్లీలో కౌంటర్ ముందు నిలబడి బాడీ రేటు ఒక్కటే బేరమాడి వచ్చినవాడికి ఇంటికొచ్చాక అసలు బిల్లు తెలుస్తుంది. కెనాన్ వాళ్ల అదృష్టం బాగుంది. 1987 నుంచి వచ్చిన ఈఎఫ్ లెన్సులన్నింటిలోనూ మోటారు లెన్స్ లోపలే ఉంది, అందుకే అడాప్టర్‌తో ఆటోఫోకస్ నడుస్తుంది.

చేతితో ఫోకస్ చేసే ఓపికుంటే పాత లెన్సుకూ ఒక లాభముంది. జెడ్6 టూ బాడీలోనే చేతి వణుకు సర్దే ఏర్పాటు ఉంది. లింగాపూర్ మండలం మిట్టె జలపాతం దగ్గర రాళ్ల మీద స్టాండ్ నిలవదు. నీటిధార పాలలా రావాలంటే షట్టర్ నిదానం కావాలి. వెడల్పు లెన్స్ పెట్టి, ఊపిరి బిగపట్టి చేత్తోనే పావు సెకను దాకా తీయవచ్చు. వణుకు సర్దే ఏర్పాటు లెన్స్‌లోనే ఉంటే తప్ప డీ750తో అది కుదరదు.

కార్డుల సంగతి కూడా చూసుకో. డీ750లో రెండు ఎస్‌డీ కార్డులు పడతాయి. జెడ్6 టూలో ఒకటి ఎస్‌డీ, ఒకటి సీఎఫ్ ఎక్స్‌ప్రెస్. ఆ రెండోది చిన్న ఊళ్లో దొరకదు, ధర కూడా కడుపు మండేటంత. అయినా పెళ్లి ఒక్క కార్డు మీద తీయకు.

7. దుమ్ము

కేస్లాపూర్ జాతర దారిలో లెన్స్ మార్చకు. పాతదాంట్లో సెన్సర్ ముందు అద్దం, షట్టర్ అడ్డుంటాయి. జెడ్6 టూలో లెన్స్ తీయగానే సెన్సర్ బయటికే. మార్చక తప్పకపోతే స్విచ్ ఆపి, బాడీ నోరు కిందికి తిప్పి మార్చు. బ్లోయర్ వాడు, నోటితో ఊదకు.

8. రాసిపెట్టు

మార్లవాయిలో ఉండి గోండుల జీవితం రాసిన హైమెన్‌డార్ఫ్ 1940లలో తీసిన ఫోటోలు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. ఇవ్వాళ అవి పనికొస్తున్నాయంటే ఫోటోతో పాటు ఊరు, సంవత్సరం ఉన్నాయి కనుక. జెడ్6 టూ సెకనుకు 14 దాకా కొడుతుంది, డీ750 ఆరున్నర. ఒక్క దండారికి ఎన్ని వేలవుతాయో లెక్కేసుకో. ఆ రాత్రే ఊరి పేరు, దండారి బృందం పేరు రాసి ఫోల్డర్ కట్టకపోతే మరుసటేడు అవి ఎవరివో నీకే తెలియదు.

9. ఏది కొనాలంటే

పెళ్లిళ్లు, వీడియోలు ఎక్కువైతే, పాత 'డీ' లెన్సులు లేకపోతే, కొత్తదానికే పో. వీడియో తీస్తూ మనిషి వెంట ఫోకస్ నడవడంలో డీ750 దానికి సాటి రాదు. చేతిలో మంచి పాత లెన్సులుండి ఎక్కువగా ఫోటోలే తీసేవాడివైతే తొందరేం లేదు. సెకండ్ హ్యాండ్ డీ750 కొనేవాడు మాత్రం షట్టర్ కౌంట్ చూడాలి. కంపెనీ పరీక్షించింది 1,50,000 క్లిక్కులకు, జెడ్6 టూను 2,00,000కు. పెళ్లిళ్లలో నలిగిన బాడీ అయితే ఆ లెక్క ఎప్పుడో దాటి ఉంటుంది. దాటినంత మాత్రాన ఆగిపోదు గానీ, షట్టర్ మార్పించే ఖర్చు బేరంలో తగ్గించుకో. నీ పాత బాడీకి మటుకు ఇప్పుడు వచ్చే ధర ఏమంత లేదు. అమ్మకుండా 50 ఎంఎం తగిలించి రెండో భుజానికి వేసుకో.