ఓల్డామ్ దాకా పోయి రా

శక్కర్‌నగర్, బోధన్



చదువుకు మాంచెస్టర్ పోతున్నావు, సెలవు దొరికితే అక్కడ ఏమేం చూడాలని అడిగావు. చూడాల్సినవాటి జాబితా ఇచ్చేవాళ్లు నీకు బోలెడుమంది దొరుకుతారు. నేను ఒక్క మాటే చెప్తాను. మాంచెస్టర్ ఒక్కటే చూస్తే మాంచెస్టర్ చరిత్ర సగమే తెలుస్తుంది. ఊరి నడుమ ట్రామెక్కి ఓల్డామ్ దాకా పో. పదీ పదకొండు కిలోమీటర్లే. నిజామాబాద్ బజారు చూసి వెనక్కి పోయినవాడికి బోధన్ సంగతి ఏం తెలుస్తుంది?

మాంచెస్టర్ అంటే పొగగొట్టాలు, మరమగ్గాలు అని మన స్కూలు పుస్తకాలు నేర్పాయి. మొదట్లో అది నిజమే. కానీ 19వ శతాబ్దం సగం దాటేసరికి వడికే పని చాలావరకు చుట్టుపక్కల ఊళ్లకు జారింది. నగరం చేతిలో మిగిలింది కొనుగోలు, అమ్మకం, గిడ్డంగులు, బ్యాంకులు. రాయల్ ఎక్స్చేంజ్ అనే భవనంలోకి తప్పకుండా పో. పత్తి, నూలు బేరాలన్నీ ఒకప్పుడు ఆ హాల్లోనే తెగేవి. 1968లో బేరాలు ఆగిపోయిన చివరి రోజు ధరల పట్టిక ఇప్పటికీ గోడ మీద పైన అట్లాగే ఉంటుంది. దాని కింద ఇప్పుడు నాటకాలు ఆడుతున్నారు. పట్టిక ఆగింది కానీ ఊరు ఆగలేదు. ఎందుకంటే దాని బతుకు ఒక్క యంత్రానికి కట్టేసి లేదు. 1830లో లివర్‌పూల్‌తో కలిపిన రైలుంది, 1894లో సముద్రపు ఓడలను ఊళ్లోకి తెచ్చిన కాలువ ఉంది, నువ్వు చదవబోయే యూనివర్సిటీ ఉంది. పత్తి పోయిన తర్వాత ఇంకొకటి అమ్ముకోవడం బేరం తెలిసిన ఊరికి కొత్త కాదు.

ఓల్డామ్ బతికింది యంత్రం మీద. 20వ శతాబ్దం మొదట్లో ప్రపంచంలో ఎక్కడా లేనన్ని కదుళ్లు ఆ ఒక్క ఊళ్లో తిరిగేవి. నూనె ఓడే చెక్కనేల మీద మనుషులు వట్టికాళ్లతో, ముందుకూ వెనక్కూ జరిగే యంత్రం వెంట రోజంతా నడుస్తూ తెగిన నూలుపోగులు అతికేవాళ్లు. కదుళ్ల నుంచి చిమ్మే ఆ నూనె బట్టల్లో ఇంకి, ఏళ్ల తరబడి ఒంటికి తగిలి, క్యాన్సర్ తెచ్చింది. ఆ జబ్బుకు వైద్యుల పుస్తకాల్లో వడికేవాళ్ల పేరే పడింది. ఇక మూసివేత సంగతి చూడు. 1959లో ప్రభుత్వం ఒక చట్టం చేసి, పాత యంత్రాలను తుక్కు చేసిన మిల్లు యజమానులకు డబ్బిచ్చింది. పరిశ్రమను కుదించడానికి కూడా లెక్క ప్రకారం సాయం దొరికింది, అదీ ముందుగా యజమానికి! అక్కడి మిల్లులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నగరంలో గిడ్డంగులు హోటళ్లు, ఫ్లాట్లు అయ్యాయి. ఓల్డామ్‌కు ఆ అదృష్టం అంత తేలిగ్గా పట్టలేదు.

మన జిల్లాకు వద్దాం. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది, కాలువ కింద చెరుకు పెరిగింది. 1937లో శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ పుట్టింది. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. ఆసియాలోనే పెద్దదని పేరు పడ్డ ఆ ఫ్యాక్టరీలో 2002లో ప్రభుత్వం 51 శాతం వాటా ప్రైవేటుకు ఇచ్చింది. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించి తలుపులు మూశారు. నిజామాబాద్‌కు పసుపు యార్డు ఉంది, రైలు జంక్షన్ ఉంది, జిల్లా ఆఫీసులున్నాయి. చెరుకు పోయినా అది తట్టుకుంది. పాతికేళ్ల కింద కటింగ్ ఆర్డర్ కోసం, కాటా దగ్గర వరుస కోసం కొట్లాడిన బోధన్ రైతు మాత్రం దెబ్బతిన్నాడు. పైగా మన నష్టం ఒకవిధంగా ఓల్డామ్ కంటే లోతైనది. పత్తి బేలు ఓడలో నెలలు ప్రయాణించినా చెడదు. ఓల్డామ్ మిల్లు మూస్తే అమెరికాలో పత్తి పండించినవాడు ఇంకో దేశానికి అమ్ముకుంటాడు. చెరుకు అట్లా కాదు. కొట్టిన గడ ఒకటి రెండు రోజుల్లో గానుగకు చేరకపోతే బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. దగ్గర్లో ఫ్యాక్టరీ లేకపోతే చెరుకు పంట అనే మాటే ఉండదు. మిల్లుతో పాటు పొలం కూడా మారాల్సి వచ్చింది.

నువ్వు అనొచ్చు: మాంచెస్టర్, ఓల్డామ్ ఊళ్ల లాంకషైర్‌ను దెబ్బతీసింది ప్రపంచ పోటీ, బోధన్‌ను మూయించింది వాటాల గొడవ, రెంటికీ పోలికేంటని. కారణాలు వేరన్నది నిజమే. కలిపి మాట్లాడితే ఇక్కడి బాధ్యులు సులువుగా తప్పించుకుంటారు. నేను పోలుస్తున్నది కారణాలను కాదు, మూసినాక దెబ్బ ఎవరి మీద పడిందో దాన్ని. ‘మాంచెస్టర్ మళ్లీ లేచింది కదా, బోధన్ ఎందుకు లేవదు’ అని సభల్లో మాట్లాడేవాళ్లున్నారు. వాళ్లు పోల్చాల్సింది ఓల్డామ్‌తో. బేరం చేతిలో ఉన్న ఊరు కోలుకున్న తీరు చూపించి, యంత్రం ఒక్కటే ఉన్న ఊరిని సోమరి అనడం అన్యాయం.

ఇంకో అభ్యంతరం మీ బాపు దగ్గర నుంచే వస్తుందనుకుంటా. మన నేతగాళ్ల పొట్ట కొట్టిన ఊళ్ల కష్టం మనకెందుకని. కొట్టారు, కాదనను. బేరార్ పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి దించాలన్న పథకం వెనక మాంచెస్టర్ వ్యాపారుల ఒత్తిడి ఉంది. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ పనుల్లోదే. ఆ పథకాన్ని 1871లో మానుకున్నారు. 1913లో కూడా లాంకషైర్ బట్టకు అతిపెద్ద సంత మన దేశమే. అయితే ఆ లాభం తిన్నవాళ్లు, కదురు దగ్గర నిలబడ్డవాళ్లు ఒక్కరు కాదు. 1931 సెప్టెంబర్‌లో గాంధీ మాంచెస్టర్‌కు ఉత్తరాన డార్వెన్‌కు వెళ్లాడు. మన విదేశీ బట్టల బహిష్కరణ వల్ల కూడా పని పోయిన ఊరది. అక్కడి మిల్లు ఆడవాళ్లు ఆయన చుట్టూ చేరి, చేతులెత్తి కేకలు వేస్తున్న ఫొటో ఉంది, వెతికి చూడు. ఆయన బహిష్కరణ విరమిస్తానని మాటివ్వలేదు. వాళ్లూ ఆయన్ను తరిమికొట్టలేదు.

కాబట్టి మొదటి నెల్లోనే, చలి ముదరకముందే ఓల్డామ్ పో. ఏ మ్యూజియంలోనైనా యంత్రాల ముందు ఎక్కువసేపు నిలబడకు. మార్కెట్లోనో బస్టాపులోనో ముసలివాళ్లు కనిపిస్తే మాట కలుపు. మిల్లు మూసినప్పుడు ఎవరికి ఎంత ముట్టింది, ఇల్లు ఎవరిది, పిల్లలు ఏ ఊరు పోయారు, ఇవి అడుగు. జవాబులు రాసి పంపితే, అవే ప్రశ్నలు ఇక్కడ ఫ్యాక్టరీ క్వార్టర్లలో మిగిలినవాళ్లను నేను అడిగి నీకు రాస్తాను.

ఇట్లు,
మీ పెద్దబాపు