పొద్దున స్టార్టు చేయగానే ఇంజనులో శబ్దమా? విప్పే ముందు వినండి



మన ట్రస్టు ఉపకార వేతనంతో ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు చదివినవారిలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు హోసూరులో చిన్న షెడ్డు నడుపుకుంటున్నాను. అదే ట్రేడులో ఉన్న మీకు ఉపయోగపడుతుందని ఈ పాఠం వ్రాస్తున్నాను. ముందుగా నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

పనిలో చేరిన రెండో ఏడు, బడిపిల్లలను తిప్పే ఒక అన్న తన పాత మారుతీ ఓమ్నిని షెడ్డుకు తెచ్చారు. పొద్దున స్టార్టు చేయగానే రెండు మూడు సెకన్లు కటకటమని శబ్దం, ఆ తరువాత ఏమీ లేదు. బేరింగులు పోయాయని నేను తేల్చేశాను. ఇంజను దింపి, విప్పి, బేరింగులు మార్చాను. పన్నెండు రోజులు బండి ఆగింది. ఈలోగా కొందరు తల్లిదండ్రులు వేరే వ్యాను మాట్లాడుకున్నారు. బండి అప్పగించిన మర్నాడు పొద్దున మళ్ళీ అదే కటకట!

మా మేస్త్రీ ఒక్కటే అడిగారు: "రాత్రంతా బండి నిలబెట్టి, పొద్దున నువ్వే స్టార్టు చేసి విన్నావట్రా?" నేను వినలేదు. ఆయన ఆయిలు ఫిల్టరు మార్చారు. మరుసటి ఉదయం శబ్దం రాలేదు. ఆయిలు వెనక్కి జారకుండా ఆపే రబ్బరు వాల్వు ఫిల్టరు లోపల ఉంటుంది. చౌక ఫిల్టరులో అది సరిగా మూసుకోలేదు. రాత్రికి ఆయిలు కిందికి దిగిపోయి, పొద్దున పై భాగాలకు చేరేదాకా ఇంజను పొడిగా తిరిగింది. ఇంజను బిగించేటప్పుడు నేను కూడా అదే రకం ఫిల్టరు వేశాను.

ఆ అన్న నన్ను తిట్టలేదు. "అది మా అమ్మాయి కాలేజీ ఫీజుకు దాచిన డబ్బు తమ్ముడూ" అన్నారు, అంతే.

ఇక పాఠానికి వద్దాం. శబ్దం ఎక్కడ నుంచి అని వెతికే ముందు, ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది అని చూడాలి. అందుకు బండి రాత్రంతా చల్లబడాలి. స్టార్టు చేయకముందే ఆయిలు మట్టం, గ్రేడు, ఫిల్టరు చూసుకోండి.

1. తాళం తిప్పినప్పుడు: గబగబా టిక్‌టిక్‌మంటూ ఇంజను తిరగకపోతే బ్యాటరీ బలహీనం, లేదా టెర్మినల్ వదులు. నిండుగా చార్జి ఉన్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. స్టార్టరు తిరిగేటప్పుడు 9.6 కంటే బాగా తగ్గితే బ్యాటరీని అనుమానించండి. గరగరమని పళ్ళు కొరికినట్లుంటే స్టార్టరు పినియన్, ఫ్లైవీల్ రింగు పళ్ళు చూడండి. స్టార్టరు ఒక్కటే రయ్యిమని తిరిగి ఇంజను కదలకపోతే పినియన్ పట్టుకోవడం లేదు.

2. మొదటి రెండు మూడు సెకన్లు: కటకటమని వచ్చి, ఆయిలు లైటు ఆరగానే శబ్దమూ ఆగితే ముందుగా ఆయిలు సరఫరానే అనుమానించండి. ఇంజను జోలికి వెళ్ళకండి. లైటు ఆరకపోతే మాత్రం వెంటనే ఆపేయండి. మళ్ళీ మళ్ళీ స్టార్టు చేస్తే క్రాంకు పాడవుతుంది.

3. మొదటి కొన్ని నిమిషాలు: కీచుమంటే ఫ్యాను బెల్టు. దూరం నుంచి కొంచెం నీళ్ళు చల్లి చూడండి. శబ్దం మారితే బెల్టే. చొక్కా చేతులు, తువ్వాలు బెల్టు దగ్గరికి పోనీయకండి. సన్నగా టక్‌టక్‌మంటూ వేడెక్కేకొద్దీ తగ్గితే సైలెన్సరు మ్యానిఫోల్డు గాస్కెట్టు దగ్గర నల్లటి మసి ఉందేమో చూడండి. వేడికి లోహం వ్యాకోచించి ఆ సందు మూసుకుపోతుంది. మసి లేకపోతే ట్యాపెట్ల సందు కొలవండి. క్యాంషాఫ్టు క్రాంకు వేగంలో సగమే తిరుగుతుంది కనుక ట్యాపెట్ శబ్దం ఇంజను వేగంలో సగంగా వినిపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు మొద్దుగా కొట్టుకుని, వేడెక్కాక పోయేది అరిగిన పిస్టను కావచ్చు.

4. వేడెక్కినా పోనిది: లోపల నుంచి ధన్‌ధన్‌మని, యాక్సిలరేటరు ఇస్తే పెరిగితే కనెక్టింగ్ రాడ్ బేరింగును అనుమానించాలి. ఒక్కో సిలిండరును పనిచేయకుండా చేసి చూడండి. ఏ సిలిండరు ఆపినప్పుడు శబ్దం తగ్గిందో అక్కడే లోపం. ఇంజను విప్పడం అప్పుడే. అంతవరకు ఆ బండిని నడపనీయకండి.

శబ్దం పుట్టే చోటు పట్టడానికి పొడవాటి స్క్రూడ్రైవరు చాలు. కొన ఇంజనుకు, పిడి చెవి దగ్గర ఎముకకు ఆనించండి. ఫ్యానుకు దూరంగా ఉండండి.

ఇంకొక్క మాట. మీరు తమిళంలోనో, కన్నడంలోనో, ఇంగ్లీషులోనో పాఠాలు చదువుతూ ఉండవచ్చు. బండివారు మాత్రం శబ్దాన్ని నోటితో చేసి చూపిస్తారు. నవ్వకండి. కటకటనా, గరగరనా, కీచా అని వారన్నది అన్నట్లే కార్డు మీద వ్రాసుకోండి. సగం రోగం అక్కడే తెలుస్తుంది.

అభ్యాసం: ఈ వారం మూడు పాత బండ్లను పొద్దున మొదటి స్టార్టులో వినండి. శబ్దం, సమయం, మీ అనుమానం, చివరికి తేలినది అని నాలుగు గడులు గీసి నింపండి. మీ అనుమానం తప్పయితే కొట్టివేయకుండా అలాగే ఉంచండి. నా పుస్తకంలో మొదటి పేజీలో ఇప్పటికీ ఆ ఓమ్నియే ఉంది.