భూకంపమును తెలిపిన కంచుపాత్ర

ప్రకృతి వైపరీత్యములలో భూకంపము మిక్కిలి దారుణమైనది. గాలివానకు ముందు మబ్బులు మూగును. వరదకు ముందు ఏరు పొంగును. భూకంపమునకు అట్టి సూచన ఏదియు కానరాదు. క్షణకాలములో అది ఊళ్లను నేలమట్టము చేయును. పాలకుడు ధర్మము తప్పినచో దైవము ఆగ్రహించి భూమిని కంపింపజేయునని ప్రాచీన చైనా ప్రజలు నమ్మెడివారు.

ఆ దేశము మిగుల విశాలమైనది. దూరపు సీమలో భూకంపము సంభవించినచో, రౌతు గుఱ్ఱముపై వచ్చి చెప్పువరకు రాజధానికి ఆ సంగతి తెలియదు. వార్త ఆలస్యమైన కొలదియు, నిలువ నీడలేని ప్రజలకు సహాయమును ఆలస్యమగును. ఈ చిక్కును తీర్చుటకు యత్నించినవాడు జాంగ్ హెంగ్ అను మేధావి.

జాంగ్ హెంగ్ క్రీ.శ. 78లో నాన్‌యాంగ్ ప్రాంతమున జన్మించెను. అతడు కవి, గణితజ్ఞుడు, ఖగోళశాస్త్రవేత్త. చంద్రునకు స్వయముగా కాంతి లేదనియు, సూర్యకాంతియే దానిపై బడి ప్రకాశించుచున్నదనియు అతడు వ్రాసెను. హాన్ వంశపు చక్రవర్తుల కొలువులో ఖగోళాధికారియైనను, అతనికి పదవులపై ఆశ లేకుండెను.

క్రీ.శ. 132లో అతడు రాజధానియైన లోయాంగ్ నగరమున ఒక వింత యంత్రమును ప్రదర్శించెను. అది పెద్ద జాడివంటి కంచుపాత్ర. దాని వ్యాసము ఇంచుమించు 1.8 మీటర్లు. పాత్ర చుట్టును ఎనిమిది దిక్కులకు ఎనిమిది డ్రాగనుల తలలు అమర్చబడియుండెను. ప్రతి డ్రాగను నోటను ఒక్కొక్క కంచుగుండు కలదు. క్రింద ఎనిమిది కప్పలు నోళ్లు తెఱచుకొని కూర్చుండెను. భూమి కంపించినపుడు ఒక డ్రాగను మాత్రమే గుండును విడుచును. తక్కిన ఏడును కదలవు. గుండు కప్పనోట ఖంగున పడగానే కావలివాడు మేల్కొని, కంపము ఏ దిక్కునుండి వచ్చినదో గ్రహించును.

పాత్ర నడుమ ఒక స్తంభముండెను. యంత్రమునకు అదియే ప్రాణము. నిలిచియున్న బండి హఠాత్తుగా కదలినపుడు అందలివారు వెనుకకు తూలుట మనము చూచుచున్నాము. అట్లే నేల కదలినపుడు బరువైన వస్తువు వెంటనే దానితో కదలదు. ఈ సూత్రము పైననే ఆ స్తంభము పనిచేసియుండునని శాస్త్రజ్ఞులు ఊహించిరి.

ఒకనాడు ఒక గుండు జారి కప్పనోట పడెను. కాని లోయాంగ్ నగరమున ఎవరికిని కంపము తెలియలేదు. పండితులు ఆశ్చర్యపడి యంత్రమును శంకించిరి. కొన్ని దినములకు ఒక వార్తాహరుడు వచ్చెను. పడమర దిక్కున, వందలకొలది కిలోమీటర్ల దూరముననున్న లోంగ్‌షీ సీమలో భూమి కంపించినదని అతడు తెలిపెను. అంతట అందఱును ఆ యంత్రపు మహిమను అంగీకరించిరి. నాటినుండి భూకంపములు ఏ దిక్కున పుట్టినవో వ్రాసియుంచు పని ఆస్థాన లేఖకులకు అప్పగింపబడెను.

ఈ యంత్రము భూకంపమును ముందుగా చెప్పునది కాదు. వచ్చిన కంపమును, దాని దిక్కును మాత్రమే తెలుపునది. నేటికిని భూకంపము వచ్చు దినమును, వేళను ముందుగా నిర్ణయించి చెప్పుట సాధ్యము కాలేదు. కంపముల తీరును రేఖలుగా గీయు ఆధునిక యంత్రములు 19వ శతాబ్దమున వెలసినవి. 1880 ప్రాంతమున జపానులో జాన్ మిల్న్ మొదలగువారు వాటిని అభివృద్ధి చేసిరి.

జాంగ్ హెంగ్ క్రీ.శ. 139లో మరణించెను. అతని యంత్రము కాలగర్భమున కలిసిపోయెను. అయిదవ శతాబ్దమున ఫాన్ యే రచించిన చరిత్ర గ్రంథములోని వర్ణనయే దానికి ప్రధానమైన ఆధారము. ఆ వర్ణనను బట్టి 1951లో వాంగ్ జెన్‌దువో అను పండితుడు దాని నమూనాను నిర్మించెను.

దైవాగ్రహమని లోకము భయపడిన దానిని జాంగ్ హెంగ్ పరిశీలింపదగిన విషయముగా చూచెను. భయమున్నచోట ప్రశ్నను నిలుపుటయే విజ్ఞానమునకు తొలిమెట్టు. చంద్రుని ఆవలి ముఖముననున్న ఒక బిలమునకు నేడు అతని పేరు కలదు. చంద్రకాంతి రహస్యమును వివరించిన మహనీయునకు అది తగిన గౌరవము.