గోడిగయు దాని పిల్లయు: తొలి దినముల సంరక్షణము

బిడ్డలను పాఠశాలకు పంపు తల్లిదండ్రులకు గుఱ్ఱముల సంరక్షణమును గూర్చిన పాఠమేల యని కొందఱికి తోపవచ్చును. మన హోసూరు ప్రాంతమునకును గుఱ్ఱమునకును గల సంబంధము నేటిది కాదు. ఈ యూరి పశుక్షేత్రము పందొమ్మిదవ శతాబ్దమున కుంఫిణీ సేనలకు గుఱ్ఱములను సమకూర్చిన స్థలము. కన్నడసీమయందలి కుణిగల్ అశ్వక్షేత్రము టిప్పు సుల్తాను గుఱ్ఱములను పెంచిన చోటని ప్రసిద్ధి. విరాటుని కొలువున నకులుడు దామగ్రంథి యను పేర గుఱ్ఱములను కాచిన కథ మన పిల్లలెఱిగినదే. మనుమంచిభట్టు అశ్వలక్షణములను గూర్చి తెలుగున పద్యగ్రంథమునే రచించెను. జట్కాలు పోయినను, పెండ్లి యూరేగింపులకును సవారికిని గుఱ్ఱములను పెంచువారు మనలో నేటికిని కలరు. అయినను ఈ పాఠమునకు ముఖ్యకారణము వేఱొకటి కలదు.

మేము నాలుగవ తరగతి చదువుచుండిన నాళ్లలో మా వీథియందు జట్కా తోలి జీవించు కుటుంబ మొకటి యుండెను. వారి గోడిగ యొకనాడు తెల్లవాఱుజామున ఈనెను. పిల్ల చక్కగా లేచి నిలిచెను. అది పొదుగును వెదకుచుండగా ఇంటి పెద్ద దానిని ప్రక్కకు త్రోసి, పాలను చెంబులోనికి పిండి, "తొలిపాలు బరువురా, పసిదానికి అరగవు, పారబోసి రా" యని చెంబును మా చేతికిచ్చెను. మేమే వానిని పెరటిలోని చెట్టు మొదట పోసి వచ్చితిమి. సాయంకాలము వఱకు పిల్లకు బెల్లపు నీరు మాత్రమే పట్టిరి. మూడవనాడు దాని కాళ్ల కీళ్లు వాచెను, ఒడలు కాలిపోయెను. ఐదవనాడు చచ్చిపోయెను. దృష్టి తగిలినదని అందఱు ననుకొనిరి. ఆ పెద్ద కఠినుడు కాడు. తాను పస్తుండియైనను గుఱ్ఱమునకు ఉలవలు ఉడికించి పెట్టెడివాడు. అచ్చట కొఱవడినది ప్రేమ కాదు, తెలివిడి.

ఈనుటకు ముందు

గోడిగ సుమారు 340 దినములు, అనగా పదునొకండు నెలలు, చూలు మోయును. ఈనుటకు 4 మొదలు 6 వారములకు ముందు తల్లికి ధనుర్వాతపు టీకా మున్నగువానిని వేయింపవలెను. అట్లు చేసినచో రోగనిరోధక పదార్థములు ముఱ్ఱుపాలలో చేరును. ఈనవలసిన చోటికి దానిని ఒక నెల ముందుగనే చేర్చుట మేలు. నేలపై శుభ్రమైన ఎండుగడ్డిని దట్టముగా పఱపవలెను. రెండు మూడు వారముల ముందునుండి పొదుగు నిండుచు వచ్చును. చనుమొనలపై మైనము వంటి బొట్లు కనబడినచో సాధారణముగా కొలది దినములలోనే ఈనును. ముందుగనే పాలు ధారగా కారిపోవుచున్నచో ముఱ్ఱుపాలు వ్యర్థమగుచున్నవని గ్రహించి వైద్యునికి తెలుపవలెను.

ఈనునప్పుడు

గోడిగలు తఱచుగా రాత్రివేళ, నిశ్శబ్దమున ఈనును. కావున దూరమున నుండి చూచుటయే ఉచితము. ఉమ్మనీరు పగిలిన తరువాత ఇంచుమించు అరగంటలోపల పిల్ల బయటపడవలెను. తెల్లని పొరలో ముందు రెండు కాళ్లును, వానిపై మూతియు కనబడుట సరియైన రీతి. ఇరువది నిమిషములు గడచినను పని సాగకున్నచో వైద్యుని పిలువవలెను. తెల్లపొరకు బదులు మఖమలు వంటి ఎఱ్ఱని పొర ముందుగా వచ్చెనా, మాయ ముందే విడివడినదని అర్థము. పిల్లకు ప్రాణవాయువు అందదు. అట్టిచో వైద్యునికై వేచియుండక, పొరను వెంటనే చించి పిల్లను బయటికి తీయవలెను.

బొడ్డుత్రాడును కత్తితో కోయరాదు. తల్లియో పిల్లయో లేచునప్పుడు అది తనంతట తాను తెగును. మిగిలిన మొదలును 0.5 శాతపు క్లోర్‌హెక్సిడిన్ ద్రవములో ముంచవలెను. తొలి దినమున పలుమాఱులు ఇట్లు చేయవలెను. ఘాటైన అయోడిను చర్మమును కాల్చును. పేడ, బూడిద పూయుట మిక్కిలి హానికరము.

ఒకటి, రెండు, మూడు

అంకెలు నేర్చిన బాలుడును గుర్తుంచుకొనదగిన సూత్ర మిది. ఒక గంటలో పిల్ల లేచి నిలువవలెను; రెండు గంటలలో పాలు త్రాగవలెను; మూడు గంటలలో తల్లికి మాయ పడవలెను. ఇందేది తప్పినను వైద్యునికి కబురు పంపవలెను.

ముఱ్ఱుపాల మహిమ

గుఱ్ఱపుపిల్ల పుట్టునప్పుడు దాని రక్తమున రోగములతో పోరాడు పదార్థములు దాదాపుగా నుండవు. గోడిగ మాయ వానిని గర్భములోనికి పోనీయదు. అవి యన్నియు ముఱ్ఱుపాల ద్వారమే రావలెను. పిల్ల ప్రేగులు వానిని చెడగొట్టక రక్తములోనికి గ్రహింపగలుగుట తొలి గంటలలోనే. మొదటి ఆఱు గంటలలో ఈ శక్తి అధికము. క్రమముగా తగ్గి, ఒక్క దినము గడచునప్పటికి ఆ ద్వారము మూసికొనును. సాయంకాలమునకు మనసు మార్చుకొని పాలిచ్చినను, ప్రొద్దున పారబోసినది తిరిగి రాదు. మా వీథిలో జరిగిన దిదియే.

ఏబది కిలోల పిల్లకు తొలి గంటలలో ఒకటి రెండు లీటర్ల మంచి ముఱ్ఱుపాలు అందవలెను. పిల్ల నీరసించి త్రాగలేనిచో బలవంతముగా గొంతులో పోయరాదు. పాలు ఊపిరితిత్తులలోనికి పోవును. పిండిన పాలను వైద్యుడు గొట్టముతో పట్టును. 18 మొదలు 24 గంటల వయస్సున రక్తపరీక్ష చేయించిన యెడల, రక్షక పదార్థము లీటరు రసికి 8 గ్రాములున్నచో నిశ్చింత. 4 గ్రాములకు లోబడినచో రక్షణ చేరనట్లే. అప్పుడు వైద్యుడు ఆరోగ్యవంతమైన గుఱ్ఱపు ప్లాస్మాను ఎక్కించి పిల్లను కాపాడవచ్చును. పిల్ల నల్లని తొలి లద్దెను పండ్రెండు గంటలలో వేయవలెను. అందులకును ముఱ్ఱుపాలు తోడ్పడును.

తల్లి మాట

వ్రేలాడు మాయను లాగరాదు. తల్లి త్రొక్కకుండ ముడివేసి యుంచవలెను. పడిన పిమ్మట దానిని బకెట్టులో దాచి వైద్యునికి చూపవలెను. చిన్న తునుక లోపల నిలిచినను గర్భసంచి చీముపట్టి, గిట్టల వఱకు వ్యాధి వ్యాపింపవచ్చును. గోడిగ దినమునకు తన బరువులో నూటికి మూడు వంతుల వఱకు పాలిచ్చును. నాలుగు వందల కిలోల తల్లి పండ్రెండు కిలోల పాలన్నమాట! కావున పచ్చిమేత, దాణా క్రమక్రమముగా పెంచవలెను. నీరు ఎల్లవేళల నుండవలెను.

ఆరోగ్యముగల పిల్ల గంటకు పలుమాఱులు పాలు త్రాగి నిద్రించును. తల్లి పొదుగు బిగిసి, పిల్ల నొసట పాలు ఎండియుండెనా, అది పొదుగు క్రింద నిలుచుచున్నదే గాని త్రాగుట లేదని తెలిసికొనవలెను. కీలు వాచినను, జ్వరము 102 డిగ్రీలు దాటినను ఒక్క పూటయు ఆలసింపరాదు. రెండవ వారమున స్వల్పముగా విరేచనము లగుట సాధారణము. పిల్ల పాలు మానినచో మాత్రము అది సాధారణము కాదు.

తల్లిదండ్రులకు మనవి

ఇంట మనము ముఱ్ఱుపాలందుము. వచ్చిన వైద్యుడు తమిళుడైనచో శీంబాల్ అనును, కన్నడిగుడైనచో గిణ్ణుహాలు అనును. అర్ధరాత్రమున మాట దొరకక కాలము జాఱిపోరాదు. మన బిడ్డలకు తల్లిభాషలోని గోడిగ, మాయ, ముఱ్ఱు, లద్దె యను మాటలును, వానికి ఇరుగుపొరుగు భాషలలోని పేర్లును నేర్పుదము.

తుదిగా నొక్క మాట. గుఱ్ఱపుపిల్లవలె గాక మనుష్యశిశువునకు గర్భముననే కొంత రక్షణ లభించును. అయినను పుట్టిన గంటలోపల తల్లి ముఱ్ఱుపాలు పట్టవలెనని వైద్యులు ఏకకంఠముగా చెప్పుచున్నారు. పశువుల పాకలోనైనను, పురిటి గదిలోనైనను, "తొలిపాలు అరగవు" అను మాట వినబడినప్పుడు, చెంబును బిడ్డ చేతికిచ్చి పారబోసి రమ్మనకుడు. ఆ చెంబును మోసిన మా చేతులు నేటికిని దానిని మఱవలేదు.