స్కిజోఫ్రీనియా: నెలనెలా అందాల్సిన మందు

పక్కన ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తాయి, అన్నంలో విషం కలిపారన్న అనుమానం వదలదు. ఇది స్కిజోఫ్రీనియా. ఎక్కువగా పడుచు వయసులోనే మొదలవుతుంది. మన చేవెళ్ల, మొయినాబాద్ ఊళ్లలో జిన్ పట్టిందని ముందు తావీజు కడతాం. దువా చేయించడం తప్పని మేము అనం. కానీ ఎర్వాడిని మరవకూడదు. తమిళనాడులో ఆ దర్గా దగ్గరి ప్రైవేటు ఆశ్రమంలో 2001 ఆగస్టు 6న మంటలు లేచి 28 మంది రోగులు చనిపోయారు. గొలుసులు వాళ్లను కదలనివ్వలేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసును నిషేధించింది.

మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. అసలు చిక్కు ఆ తర్వాతే. మనిషి నెమ్మదించగానే మాత్ర మానేస్తారు, జబ్బు తిరగబెడుతుంది. మగత, వణుకు, ఒళ్లు పెరగడం ఉంటే డాక్టరుకు చెప్పి మందు మార్పించుకోవాలి గాని మానకూడదు. రోజూ మింగనంటే నెలకో ఇంజెక్షన్ కూడా ఉంది.

ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్లాలంటే మెహిదీపట్నం దాకా ఒక బస్సు, అక్కడినుంచి ఇంకొకటి. తోడు వెళ్లే తల్లికి ఆ రోజు కూలి పోతుంది. దాతలు ఒకేసారి పెద్ద మొత్తం ఇవ్వడం కన్నా, ఒక్కో ఇంటికి నెలనెలా ఆ ఛార్జీ, ఆ కూలి ఇస్తే మేలని మా అభిప్రాయం. తెలుగులోనూ మాట్లాడే ఉచిత టెలీ మానస్ నంబరు 14416ను ప్రతి మసీదు గోడ మీద రాయించండి.